వైర్లకు కట్టిన నిమ్మకాయ

నంద్యాల కాలేజీలో కెమిస్ట్రీ క్లాసులు ముగించుకుని ఆళ్లగడ్డకు తిరిగి వస్తుంటే, శిరివెళ్లకు ముందో వెనకో నా మోటార్‌సైకిల్ ఇంజనూ లైటూ హారనూ ఒక్కసారే చచ్చిపోయేవి. పక్కకు తోసుకుపోయి కాసేపు నిలబడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్ అయ్యేది. నెలలో కొన్నాళ్లు అలా ఏడిపించి, మిగతా రోజులు బుద్ధిగా నడిచేది.

షోరూమ్ వాళ్లు బ్యాటరీ మార్చారు. వైరింగ్ మార్చారు. మళ్లీ మార్చారు. కంపెనీ కస్టమర్ కేర్ అమ్మాయి ప్రతిసారీ మర్యాదగా విచారం వెలిబుచ్చేది, ఆ తర్వాత ఫోన్‌కు అదే మెసేజ్ వచ్చేది: పరిశీలించాం, లోపం కనబడలేదు. ఒకసారి మాత్రం ఆ అమ్మాయి ఫోన్ పెట్టేముందు, "వర్షం పడేటప్పుడు బండి తీయకండి సార్" అంది. అది ఆమెకు రాసిచ్చిన మాట కాదనిపించింది. ఆ పూటకు నాకది చాలింది.

పక్కింటి నరసమ్మకు మాత్రం నేను బండి తోసుకుంటూ వీధిలోకి రావడం వేడుక. "మా ఎనుము నయం సార్. మొరాయిస్తే తోక మెలేస్తే నడుస్తాది" అనేది.

వానలో ఒక సాయంత్రం లైటు ఆరిపోయిన మరుక్షణం వెనక నుంచి వచ్చిన లారీ నా అద్దాన్ని విరగ్గొట్టుకుని పోయింది. మోచేయి గీసుకుపోయిందంతే. ఆ సంగతి తెలిసి మా అమ్మాయి సాయిప్రియ అనంతపురం నుంచి ఫోన్ చేసింది.

"కంపెనీవాళ్లు వేరే బండి ఇస్తే సరే. ల్యాకుంటే అమ్మెయ్ నాయనా. అమ్మ పోయింది చాలు."

అమ్మడానికి నాకు చేతులు రాలేదు. ఆ బండి వెనక సీటు నా భార్య నాగజ్యోతిది. పక్కకు తిరిగి కూర్చుని, కొంగు సర్దుకుని, నా భుజం మీద ఒకసారి తట్టేది. తట్టాకే నేను గేరు వేయాలి. రుద్రవరంలో వాళ్ల నాన్న ట్రాక్టరుకు అమావాస్య అమావాస్యకూ నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టే అలవాటు. మా బండికీ తనే కట్టేది. ట్రాక్టరుకైతే ముందు కొక్కెం ఉంటుంది. బండికి ఏదీ లేక, హెడ్‌లైటు కింద వైర్ల కట్టకు చుట్టేది, మల్లెపూలు మాల కట్టినట్టు దారాన్ని వేలికి తిప్పి లాగి. ఆమె జబ్బు చేసి పోయి ఏడాది దాటింది. ఆ తర్వాత కూడా నెలనెలా నిమ్మకాయ మారుతూనే ఉంది. నరసమ్మ కడుతోందనుకున్నాను. ఆమె ఎగతాళి వెనక ఇంత దయ ఉందని లోలోపల సంతోషపడ్డాను. అడిగితే ఆ దయను చిన్నబుచ్చినట్టవుతుందని అడగలేదు.

చివరికి కంపెనీ ఇంజనీరు ఫిలిప్ నంద్యాల వచ్చాడు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. షోరూమ్ మేనేజర్ హరీష్ పక్కన ఉండగా హెడ్‌లైటు ఊడదీసి, వైర్లు కలిసే చోట పట్టిన పచ్చని చిలుమును నాకు చూపించాడు. నిమ్మరసం కారి రాగిని తినేస్తోంది. పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి, నాకు తట్టనేలేదు. బండి ఆగేది ప్రతిసారీ అమావాస్య తర్వాతే అని అప్పుడు లెక్కకు వచ్చింది.

ఇది కట్టినన్నాళ్లూ కంపెనీ దీన్ని తమ లోపంగా ఒప్పుకోదని ఫిలిప్ చెప్పాడు. దారం తెంచి నిమ్మకాయను చెత్తడబ్బాలో వేశాడు. వైరింగ్ మార్చి, రెండు మూడు రోజులు నడిపి చూస్తానని బండిని అక్కడే ఉంచుకున్నాడు. నేను బస్సులో ఇంటికి వచ్చి, ఇక నిమ్మకాయ కట్టొద్దని నరసమ్మను బతిమాలినట్టు అడిగాను.

ఆమె ముఖంలో నవ్వు పోయింది. "నేను యాడ కడతా సార్? మీ గేటుకు తాళం ఉంటాది గదా. నువ్వే కట్టుకుంటాండావని అనుకుంటి."

ఆ తాళపుచెవి నా దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు.

అమావాస్య వెళ్లిన మర్నాడు హరీష్ పిలిచాడు. ఫిలిప్ షెడ్డు బయట కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముందురోజు సాయంత్రం షట్టర్‌కు తనే తాళం వేసి, పొద్దున తనే తీశాడట. లోపల నా బండికి పసుపు రాసిన కొత్త నిమ్మకాయ కట్టి ఉంది. నేను వంగి చూశాను. దారం వేలికి తిప్పి లాగిన ముడి. పసుపు ఇంకా తడిగా ఉంది.

"ఎవరు కట్టారని నేను అడగను సార్. బండి మాకిచ్చేయండి. వేరే బండి ఇప్పిస్తాను" అన్నాడు ఫిలిప్.

నిమ్మకాయ మాట ఎత్తకుండా, పదే పదే వచ్చే లోపమనీ కారణం తేలలేదనీ కంపెనీకి రాశాడు. అన్ని నెలలు అడిగితే రానిది ఒక్క వారంలో వచ్చింది. తెల్లరంగు బండి, ఎడమ పక్క మెరిసే చీర గార్డుతో. పాత బండి తాళం హరీష్ చేతిలో పెడుతుంటే, వెనక సీటు మీద ఒకసారి చేయి వేశాను. ఎండలో ఉన్న బండి, సీటు చల్లగా ఉంది.

కొత్తది ఎక్కడా ఆగలేదు. సాయిప్రియ కుదుటపడింది. అమావాస్య వచ్చింది, వెళ్లింది. తెల్లవారి లేచి చూస్తే బండికి ఏమీ లేదు. మంచిదే అనుకున్నాను. అనుకుని, కాఫీ కలపడం మరిచి, చాలాసేపు అక్కడే వాకిట్లో నిలబడ్డాను.

మధ్యాహ్నం హరీష్ ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "సార్, మీ పాత బండి వెనక యార్డులో పెట్టింటిమి. దానికి మళ్లా నిమ్మకాయ కట్టిండారు. వాచ్‌మన్ ఆ పక్కకే పోనంటాండాడు. ఏం చేయమంటారు?"

అప్పుడు అర్థమైంది. బండి మార్చిన సంగతి అందరికీ చెప్పాను. ఆమెకు చెప్పలేదు.

నేను వెళ్లేసరికి యార్డులో ఎండ వాలుతోంది. ఢీకొన్న బండ్ల మధ్య నాది నిలబడి ఉంది. ట్యాంకు మీద దుమ్ము, ముందు సీటు మీద దుమ్ము. వెనక సీటు మాత్రం ఇప్పుడే ఎవరో లేచినట్టు శుభ్రంగా ఉంది. హరీష్ గేటు దగ్గరే ఆగిపోయాడు. కొత్త బండిని తీసుకుపోయి దాని పక్కన నిలిపాను.

"జ్యోతీ, బండి మారింది. ఇదీ మనది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "వైర్లకు మాత్రం కట్టొద్దు. రోడ్డు మధ్యలో ఆగిపోతాంది."

గాలి లేదు. పాత బండికి వేలాడుతున్న నిమ్మకాయ ఊగడం మొదలుపెట్టి, కాసేపటికి ఆగింది. నేను కొత్త బండి ఎక్కి కూర్చున్నాను. వెనక స్ప్రింగులు మెల్లగా కుంగాయి. బండి ఎడమ పక్కకు ఒరిగింది, పక్కకు తిరిగి మనిషి కూర్చుంటే ఒరిగినంత. తిరిగి చూడలేదు. గేటు దగ్గర హరీష్ మాత్రం నా వెనక్కి చూసి, దారి ఇస్తూ రెండడుగులు జరిగాడు.

భుజం మీద తట్టేదాకా ఆగి, గేరు వేశాను.

ఆ ఒరుగును చేతులతో సరిచేసుకుంటూ ఇల్లు చేరాను. బండి ఎక్కడా ఆగలేదు. తర్వాతి అమావాస్య వెళ్లిన పొద్దున హెడ్‌లైటు కింద చూశాను. ఏమీ లేదు. చుట్టూ తిరిగి వచ్చేసరికి కనబడింది, ఎడమ పక్క, ఆమె కాలు ఆనే చోట, చీర గార్డు కమ్మీకి. పసుపు తడి ఆరలేదు. కింద నేల మీద రసం చుక్కలు రెండు పడి ఉన్నాయి. అక్కడికి దగ్గరలో ఒక్క వైరు కూడా లేదు.