గోబర్ గ్యాసు గుంటలో గాలి

పెద్దపల్లికి ఆరు మైళ్ల దూరంలో ఉన్న ఆ ఊరికి గోబర్ గ్యాసు మొదట వచ్చింది పర్శరాములు ఇంటికే. ఎనభై నాలుగులో సర్కారోళ్లు సగం ఖర్చు పెట్టుకుంటామంటే ఇంటి వెనక గుంట తవ్వించాడు. వాళ్ల నాయిన కైలాసానికి అది మొదటి రోజు నుంచే గిట్టలేదు.

కైలాసం ఇరవై ఎనిమిదేండ్లు బొగ్గుబాయిలో పనిచేసి ఇంటికి చేరిన మనిషి. మాట తక్కువ. భూమి లోపల గ్యాసు అన్న మాట చెవిన పడితే చేతిలోది అక్కడే పడేసి పైకి ఉరికిన బతుకు ఆయనది. ఇప్పుడు కొడుకు అదే గ్యాసును పిలిచి, గుంటలో పెంచి, వంటింట్లోకి పైపు వేసుకుంటే ఆయనకు మింగుడుపడలేదు.

గుంట పన్నెండు అడుగుల లోతు, చుట్టూ ఇటుక కట్టుబడి. పైన బోర్లించిన పెద్ద ఇనుప డ్రమ్ము. పేడ, నీళ్లు కలిపి పోస్తే లోపల పులిసి గ్యాసు పుట్టేది, డ్రమ్ము మెల్లగా పైకి లేచేది. వంట అయ్యేసరికి కొంత దిగేది. అది లేచినప్పుడల్లా కైలాసానికి కడుపు ఉబ్బిన బర్రె యాదికొచ్చేది. పొద్దున లేస్తూనే పైపు అతుకులకు సబ్బు నురుగు రాసి బుడగలు వస్తున్నాయా అని చూసేవాడు. వంటింటి గడప తొక్కేవాడు కాదు. వాకిట్లో బొగ్గుల కుంపటి పెట్టుకుని తన చాయ్ తానే కాచుకునేవాడు.

"మామా, ఎవలన్న జూస్తే నేను నీకు చాయ్ గూడ పోస్తలేననుకుంటరు" అనేది కోడలు మల్లవ్వ.

"అనుకోనియ్."

"మూడేండ్లాయె, పొగ లేదు, మసి లేదు. కండ్లల్ల నీళ్లు లేకుంట వండుతున్న. గీ గ్యాసు నిన్నేం జేసింది?"

"ఇప్పటిదాక ఏం జెయ్యలే" అనేవాడు కైలాసం.

మూడో ఎండాకాలం డ్రమ్ము లేవడం మానేసింది. చూడవచ్చిన గ్యాసు మేస్త్రీ, అడుగున మడ్డి పేరుకుని గట్టిపడిందని, డ్రమ్ము తీసి గుంట కడగాలని చెప్పి పోయాడు. మల్లవ్వ మళ్లీ కట్టెల పొయ్యి ముందర కూర్చుంది. నెల తిరిగేసరికి కండ్లు మిరప్పండ్లయ్యాయి. ఇక ఓపిక లేక హుస్నాబాద్ దిక్కు ఉన్న తమ్ముడు హనుమండ్లుకు కబురు పెట్టింది. బావుల్లో పూడిక తీయడం అతని పని. అరవై అడుగుల బావిలోకి కూడా పాట పాడుకుంటూ దిగుతాడని పేరు.

హనుమండ్లు మోకు, గిరక, గంప పట్టుకుని వచ్చాడు. వాడకట్టు మగవాళ్లంతా కలిసి డ్రమ్ము ఎత్తి పక్కన పెట్టారు. బకెట్లతో పైనుంచి తోడితే మధ్యాహ్నానికి పలుచటి పేడనీళ్లు అయిపోయి, అడుగున మోకాలి లోతు నల్లటి మడ్డి మిగిలింది. అది బకెట్లకు వచ్చేది కాదు. మనిషి దిగాలి.

హనుమండ్లు కందీలు ముట్టించి తాడుకు కట్టాడు. మంచం మీద కూర్చుని చూస్తున్న కైలాసం నాలుగంగల్లో వచ్చి దాన్ని ఆర్పేశాడు.

"ఏంది మామా? దీపం దించకుంట దిగుమంటవా?"

"దిగుమంటలేను. దీపం దించకు అంటున్న."

"పాడువడ్డ బాయిలల్ల గిట్లనే జూస్తం. దీపం ఆరితే దిగం. మా బాపు నాకు నేర్పిన పని ఇది."

"బాయిల గాలి చెడితే దీపం ఆరుతది. గీ గుంటల గాలే అంటుకుంటది. మీ అక్క మూడేండ్లసంది అన్నం వండింది గీ గాలితోనే."

హనుమండ్లు నవ్వాడు. "పొద్దటిసంది మూత తీసే ఉన్నది. ఉన్నదంత ఎప్పుడో పోయింది. సరే, దీపం లేకుంటనే దిగుత తియ్" అని నడుముకు మోకు చుట్టుకోబోయాడు.

కైలాసం మోకు గట్టిగా పట్టుకుని కోడలి వైపు తిరిగాడు. "ఒక కోడిని దే."

"కోడెందుకు?"

"ముందుగాల అది దిగుతది."

మల్లవ్వ కదలలేదు. "మామా, నీకిది మొదటిసంది గిట్టదు. ఇయ్యాల మా తమ్మునికి భయం వెట్టి ఎల్లగొడితే గుంట పూడుస్తరని జూస్తున్నవ్. నాకెర్కలేదా?"

పర్శరాములు అటు నాయిన మొఖం, ఇటు పెండ్లాం మొఖం చూశాడు. "కోడే గదనే. దించి మల్ల తీస్తం."

"గుడ్లు వెట్టే కోడి అది" అని గొణుక్కుంటూనే తెచ్చి ఇచ్చింది.

కోడిని గంపలో పెట్టి పైన చిల్లుల గుడ్డ కట్టారు. కైలాసం పొడుగాటి వెదురుతో మడ్డిని కలియబెట్టాడు. బుడబుడమని బుడగలు లేచాయి. గంప దిగుతున్నంతసేపు కోడి అరిచింది. అడుగుకు చేరాక ఆగిపోయింది.

"చీకటికి గమ్మునుంది" అన్నాడు హనుమండ్లు.

కైలాసం పెదవులు కదుపుతూ నూరు లెక్కబెట్టి పైకి లాగాడు. గుడ్డ విప్పితే కోడి మెడ గంప అంచు మీదికి వాలిపోయింది. మల్లవ్వ ముక్కులో నీళ్లు పోసింది. ఒళ్లో పెట్టుకుని రెక్కలు సాపింది. అది లేవలేదు.

హనుమండ్లు మోకు విప్పుకుని డ్రమ్ము మీద కూలబడ్డాడు.

"బొగ్గుబాయిల మా జోడిగాడు రాజలింగం" అన్నాడు కైలాసం. ఆయన అడగకుండా మాట్లాడడం ఎవరూ ఎరగరు. "పాత దారిల మూలకు కూసున్నడు. అలిసిండనుకున్నం. లేపవోయినోడు గూడ వాని పక్కకే కూసున్నడు. దెబ్బ లేదు, నెత్తురు లేదు."

పర్శరాములు అడిగాడు. "అయితే గుంట పూడిపిద్దామా, బాపు?"

మల్లవ్వ తల వంచుకుని చచ్చిన కోడిని చూస్తోంది. కొంగుతో కండ్లు ఒత్తుకుంటే రెప్పలు ఇంకా ఎర్రబడ్డాయి. కైలాసం ఆ కండ్లను చూసి మొఖం తిప్పుకున్నాడు.

"పూడిపిస్తే ఈమె దేని మీద వండాలె? గాలి పంపుదాం. భూమిల మాకు గాలి పంపితేనే బతికినం."

కమ్మరి బుచ్చిరాములు దగ్గర చేత్తో తిప్పే కొలిమి పంఖా తెచ్చి, చేనుకు నీళ్లు పారించే పైపు దానికి తగిలించి గుంట అడుగు దాకా వదిలారు. మరునాడంతా వంతులవారీగా పంఖా తిప్పారు. కైలాసం తిండి మాని గంట గంటకూ వెదురుతో మడ్డి కెలుకుతూనే ఉన్నాడు. తమాషా చూడవచ్చి బీడీ తీసినవాడిని రోడ్డు దాకా తరిమాడు.

మూడో రోజు పొద్దున ఇంకో కోడిని దించాడు. ఈసారి అయిదు నూర్లు లెక్కబెట్టాడు. అది పైకి వచ్చి హనుమండ్లు చేతిని పొడిచింది. అయినా కైలాసానికి నమ్మకం కుదరలేదు. మళ్లీ దించి, మళ్లీ తీశాడు.

అప్పుడు హనుమండ్లు చంకల కింద మోకు కట్టుకున్నాడు. పర్శరాములు పంఖా తిప్పుతుంటే, గిరక మీది మోకును కైలాసం, ఆయన వెనక ఇద్దరు వాడకట్టు మనుషులు పట్టుకున్నారు.

"దిగినంక మాట్లాడుకుంట ఉండు" అన్నాడు కైలాసం.

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న. ఆగినవంటే గుంజుత."

హనుమండ్లు దిగాడు. గంపకు మడ్డి ఎత్తుతూ తాను పూడిక తీసిన బావులన్నీ చెప్పాడు. ఎడ్ల పేర్లు చెప్పాడు. పెండ్లాం పెట్టే పోరు చెప్పాడు. నాలుగు గంపలు పైకి వచ్చేసరికి మాటల సరుకు అయిపోయి కైలాసం మీద పడ్డాడు.

"మా మామ నోరు దెరవడు గాని నన్నేమో నోరు మూయద్దంటుండు. మూడేండ్లు కోడలి చాయ్ తాగని మొండోడు. గిసొంటి మామ దొరికిన మా అక్క నసీబు జూడుండ్రి, పొద్దున లేస్తే సబ్బునురుగు..."

అక్కడ మాట ఆగిపోయింది. మల్లవ్వ గుంట అంచుకు ఉరికింది. "తమ్మీ" అని పిలిచింది. పలుకు లేదు. కైలాసం అప్పటికే మోకు గుంజేశాడు. వెనక ఇద్దరూ గుంజారు. మడ్డిలోంచి కాళ్లు ఊడివచ్చిన చప్పుడు అయింది.

"దించు మామా! తుమ్ము వస్తుంటె ఆపుకున్న. తుమ్మనియ్యవా?"

మల్లవ్వ ఉన్నచోటనే నేల మీద కూర్చుండిపోయింది. కైలాసం అతని కాళ్లు ఆనేదాకా మోకు వదిలి, మళ్లీ బిగించి పట్టుకున్నాడు.

"తుమ్ముకుంటనే మాట్లాడు" అన్నాడు.