మడమ పిలుపు

సాయంత్రం ఐదున్నరకి మెట్లెక్కి వచ్చి, తలుపు తీసి, గుమ్మం లోపల నిలబడి, కుడి మడమతో చెక్కనేల మీద రెండుసార్లు కొట్టేవాడు మనవాడు. ధన్, ధన్. అంతే. నేలమీద పరిచిన పల్చటి బొంత మీద అటు తిరిగి ఏ గుడ్డముక్కనో నములుతున్న బుడ్డోడు గిరుక్కున ఇటు తిరిగేవాడు. తండ్రి మొహం కనపడగానే రెండు చేతులూ గాల్లోకి లేపి, ఒళ్ళంతా ఊపేస్తూ నవ్వేవాడు. రోజంతా ఆ ఇనప నరకంలో మనవాడు బతికేది ఆ నవ్వు కోసమే అంటే అబద్ధం కాదు. "చూశావా, నాన్న పిలుపంటే అదీ!" అని భార్య వైపు చూసి మీసం మెలేసేవాడు. మీసం పెద్దగా లేదనుకోండి, ఉన్నంతలోనే.

వాళ్ళుండేది మేడ మీద రెండు గదుల వాటా. పాత ఇల్లు, నేలంతా చెక్క పలకలే. కింద ఇంటిగలావిడ ఉండేది. మనవాడు మడమ కొట్టినప్పుడల్లా ఆవిడ చీపురు కర్ర తీసుకుని తన పైకప్పుని టకటకా పొడిచేది. పొడిస్తే బుడ్డోడు నేల వైపు వంగి చూసి కిలకిలలాడేవాడు. "కిందావిడ తిట్లు కూడా వినపడుతున్నాయి నా కొడుక్కి" అని మనవాడి మురిపెం. భార్య మాత్రం ఆవిడతో గొడవెందుకని మెత్తటి గుడ్డ చెప్పులేసుకుని, ఇంట్లో అడుగు చప్పుడు కాకుండా తిరిగేది.

ఈ మడమ అలవాటు ఇంట్లో పుట్టింది కాదు. మనవాడు పనిచేసేది ఇనప ట్యాంకులు కట్టే షెడ్డులో. ఒక్కో ట్యాంకు ఇల్లంత ఉంటుంది. నలుగురు లోపల దూరి సమ్మెటలతో ప్లేట్లు సాపు చేస్తుంటే ఆ మోత ఎట్లా ఉంటుందో నేను చెప్పినా మీరు నమ్మరు. పక్కనోడు చెవిలో నోరు పెట్టి అరిచినా లాభం లేదు. అందుకని అక్కడెవరూ నోటితో పిలుచుకోరు. కాళ్ళకింద ప్లేటుని మడమతో కొడతారు. ఒకటి కొడితే ఆపమని. రెండైతే ఇటు చూడమని. మూడైతే అన్నీ వదిలేసి బయటికి పరిగెత్తమని. చెవికి అందనిది అరికాలికి అందుతుంది. మనవాడు చేరిన మొదటిరోజున ట్యాంకు బయట సిమెంటు మీద నిలబడి మడమ అరిగేలా కొడుతుంటే, ముసలి మేస్త్రి వచ్చి నెత్తిన ఒక్కటిచ్చాడు. "సిమెంటు అదురు మొయ్యదురా బాబూ! ప్లేటెక్కి కొట్టు" అన్నాడు. అది పన్నెండేళ్ళ కిందటి మాట. ఆ పన్నెండేళ్ళలో మనవాడి సొంత చెవుల్ని సగం ఆ షెడ్డే తినేసింది. ఇంట్లో మామూలుగా మాట్లాడినా వీధి చివరిదాకా వినపడేది.

పెళ్ళైన ఏడేళ్ళకి పుట్టాడు బుడ్డోడు. మనవాడి సంబరం చూడాలి! సమ్మెట పట్టి పట్టి అరచేతులు ఆకురాయిలా అయిపోయాయి, చొక్కా తొడగబోతే ఆ పగుళ్ళకి పిల్లాడి బట్టల దారాలు పట్టుకునేవి. గీసుకుపోతుందేమోనని ఇంటికి రాగానే చేతులకి నూనె రాసుకుని, అది ఇంకేదాకా చేతులు గాల్లో పట్టుకుని కూర్చునేవాడు. స్నానం తనే పోసేవాడు. గోళ్ళు తనే తీసేవాడు, ఊపిరి బిగబట్టి మరీ. షెడ్డులో భోజనాల వేళ ఫోనులో ఫొటోలు చూపించి చూపించి అందరి ప్రాణాలూ తోడేసేవాడు. ఆ మనిషి కొడుకుని ప్రేమించలేదని ఎవడైనా అంటే నేనే వాడి పళ్ళు రాలగొడతాను. చిక్కంతా అక్కడే వచ్చింది.

నాలుగో నెలలో భార్య పిల్లాణ్ణి భుజాన వేసుకుని మందుల షాపుకి వెళ్తుంటే, వెనకాల నుంచి లారీ ఒకటి వచ్చి వీపు మీదే హారన్ కొట్టింది. ఆమె ఎగిరి గంతేసింది. చేతి సంచి కింద పడిపోయింది. సంచి ఏరుకుని పిల్లాడి మొహం చూస్తే, వాడు తల్లి చెవిపోగు పట్టుకుని తాపీగా లాగుతున్నాడు. రెప్ప కూడా వెయ్యలేదు.

ఆ సాయంత్రం, మనవాడు టీ తాగి కుదురుకున్నాక, భయం భయంగా అంది. "ఏవండీ, వీడికి... సరిగ్గా వినపడటం లేదేమో."

మనవాడు ఒంటికాలి మీద లేచాడు. "ఆ మాట నీకు నోరెలా వచ్చిందే? బంగారం లాంటి పిల్లాణ్ణి పట్టుకుని?"

"అది కాదండీ, ఇవాళ లారీ..."

"లారీ లేదు, గీరీ లేదు. ఇటు చూడు." వెళ్ళి పిల్లాడి వెనక నిలబడి, "రేయ్ బుడ్డోడా!" అని అరుస్తూ మడమ రెండుసార్లు వేశాడు. బుడ్డోడు తలతిప్పి చూసి బోసినవ్వు నవ్వాడు. "ఏమంటావిప్పుడు?"

"నేను పిలిస్తే తిరగట్లేదండీ. రోజూ చూస్తున్నాను."

"నీ గొంతు పిల్లికూనలా ఉంటుంది. ఆ పీల పిలుపుకి ఎవడు తిరుగుతాడు?"

ఇదిగో, ఈ మాట దగ్గరే మనవాణ్ణి పట్టుకుని నాలుగు తగిలించాలనిపిస్తుంది నాకు. మనిషి మడమ కొట్టకుండా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి పిలిచి చూస్తే అయిపోయేది. కానీ షెడ్డులో పన్నెండేళ్ళు పనిచేసినవాడికి నోరూ మడమా వేరు కాదు. పిలవడమంటే రెండూ కలిసే లేస్తాయి. కొడుతున్నానన్న ధ్యాస కూడా ఉండదు. బుడ్డోడు తన గొంతుకే తిరుగుతున్నాడని మనవాడు నిజంగానే నమ్మాడు, ఆ నమ్మకాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగాడు.

భార్య ఊరుకోలేదు, పాపం. ఆరో నెలలో మళ్ళీ అంది. మళ్ళీ అదే ధన్ ధన్, మళ్ళీ అదే బోసినవ్వు. చుట్టాలొస్తే మనవాడు అదో ఆటగా చూపించేవాడు. "మా ఆవిడకి అనుమానమండీ, వీడు చెవిటివాడని!" అని మడమేసి పిలిచేవాడు. బుడ్డోడు తిరిగేవాడు. అందరూ ఘొల్లున నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వు మొహం పెట్టి కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయేది.

ఎనిమిదో నెలలో టీకా వేయించడానికి వెళ్తే పిల్లల డాక్టరు తనే అడిగాడు. "పిలిస్తే తిరుగుతున్నాడా అమ్మా?"

ఆమె నోరు తెరిచేలోపే మనవాడు ముందుకొచ్చాడు. "నేను చూపిస్తాను సార్!" పిల్లాడు ఇనప బల్ల మీద కూర్చుని ఉన్నాడు. బల్లకి కిందే బిగించిన ఇనప మెట్టుంది. అలవాటు మనిషి కదా, కాలు దానంతటదే వెళ్ళి ఆ మెట్టునే వెతుక్కుంది. "రేయ్ బుడ్డోడా!" ధన్ ధన్. బుడ్డోడు గిరుక్కున తిరిగాడు. డాక్టరు నవ్వి కాగితం మీద టిక్కు పెట్టాడు.

ఆ రోజుతో ఆమె నోరు కుట్టేసుకుంది. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

పదమూడో నెల వచ్చింది. ఆదివారం పొద్దున, కింద పెరట్లో ఆమె బట్టలు ఆరేస్తోంది. బుడ్డోడు పంపు దగ్గర సిమెంటు మీద కూర్చుని, ప్లాస్టిక్ మగ్గుతో నీళ్ళు ఒంపుకుంటూ మహా పనిలో ఉన్నాడు. వాడెప్పుడూ మేడ మీదే, లేదంటే ఎవరి చంకలోనో. అలా కింద నేలమీద కూర్చోబెట్టడం అదే మొదలు. మనవాడు టవల్ భుజాన వేసుకుని మెట్లు దిగి వచ్చి, వాడి వెనక నాలుగడుగుల దూరంలో నిలబడి, మడమ రెండుసార్లు వేశాడు. "రేయ్ బుడ్డోడా!"

బుడ్డోడు మగ్గు ఒంపాడు.

"రేయ్!" మళ్ళీ వేశాడు, ఇంకా గట్టిగా. మడమ కలుక్కుమంది. గోడ మీద పావురాలు లేచిపోయాయి. ఇంటిగలావిడ కిటికీ తీసి "ఏమైందయ్యా?" అంది. బుడ్డోడు ఖాళీ మగ్గులోకి తొంగి చూసి, మళ్ళీ పంపు కింద పెట్టాడు.

మూడోసారి కాలెత్తాడు మనవాడు. ఎత్తిన కాలు అలాగే ఉండిపోయింది. సిమెంటు మొయ్యదురా బాబూ. ముసలి మేస్త్రి నెత్తిన మళ్ళీ మొట్టినట్టయింది. వేరే ఎవరికైనా అర్థమవడానికి రోజులు పట్టేదేమో. షెడ్డులో చేరిన ప్రతి కొత్తవాడికీ ఆ పాఠం చెప్పిన మనవాడికి ఆ క్షణంలోనే అంతా అర్థమైపోయింది.

తల తిప్పి చూస్తే, తీగ మీద తడి దుప్పటి వేస్తున్న భార్య ఇటే చూస్తోంది. "నేను చెప్పలేదూ" అనలేదు. అన్నా బాగుండేది. దుప్పటి వదిలేసి వచ్చి, పిల్లాణ్ణి తడి బట్టలతోనే గుండెకి హత్తుకుని మేడ మీదికి వెళ్ళిపోయింది.

మూడు రోజుల తర్వాత పెద్దాసుపత్రిలో పరీక్ష. గోడలకి మెత్తలు, నేలంతా మందపాటి తివాచీ. బుడ్డోడు తల్లి ఒళ్ళో కూర్చున్నాడు. పరీక్ష చేసే అమ్మాయి అద్దం అవతలి నుంచి శబ్దం పెంచే మీట తిప్పుతూ పోయింది. మొదట్లో మనవాడికే ఏమీ వినపడలేదు. తర్వాత కీచుమంది. పెరిగింది. ఇంకా పెరిగింది. సగం చచ్చిన మనవాడి చెవులకే గూబ గుయ్యిమంది. భార్య కళ్ళు గట్టిగా మూసుకుంది. బుడ్డోడు రంగు రింగుల బొమ్మలోంచి ఎర్ర రింగు తీసి, నోట్లో పెట్టుకుని, బాగా లేదని ఉమ్మేశాడు.

అమ్మాయి బయటికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. పుట్టుకతోనే వినికిడి లేదంది. మిషన్లున్నాయంది, ఆపరేషనుందంది, నేర్పించేవాళ్ళున్నారంది. అన్నీ మెల్లగా, మర్యాదగా చెప్పింది. "ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిదండీ. మొదటి నెలలు చాలా విలువైనవి. మీకు అనుమానం ఎప్పుడొచ్చింది?"

మనవాడు తల దించుకున్నాడు. ఇప్పుడు చెప్తుంది, చెప్పాలి, నలుగురిలో నా పరువు తీసి పారేస్తే బాగుండు అనుకున్నాడు.

"మొన్న ఆదివారమండీ" అంది భార్య.

ఆ అబద్ధం మనవాణ్ణి నిలువునా కోసేసింది. "కాదమ్మా" అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆ మనిషి గొంతు పక్కవాళ్ళకి కూడా సరిగ్గా వినపడలేదు. "నాలుగో నెలలోనే తను చెప్పింది. నేనే నోరు మూయించాను. రాసుకోండి. తొమ్మిది నెలలు నేను పాడు చేశాను." అమ్మాయి కలం పట్టుకుని ఉండిపోయింది. అలాంటిది రాసుకోవడానికి ఆ కాగితంలో గడి లేదు.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం మూడైంది. భార్య పిల్లాణ్ణి బొంత మీద కూర్చోబెట్టింది. వాడు కిటికీ వైపు తిరిగి, గాలికి లేస్తున్న కర్టెన్ని చూస్తూ కూర్చున్నాడు. ఆమె వంటగది గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఒక్కసారి కూడా తిరగలేదండీ" అంది, ఎవరితోనో అన్నట్టు. "మీరు పనికెళ్ళాక రోజంతా పిలిచేదాన్ని. బుజ్జీ అని, కన్నా అని, నా తండ్రీ అని. మీకు తిరిగేవాడు కదా. అందుకని నా గొంతే బాలేదేమో అనుకునేదాన్ని. తర్వాత్తర్వాత..." ఆగింది. "నేనంటే వాడికి ఇష్టం లేదేమో అనుకున్నానండీ."

మనవాడు వచ్చి ఆమె కాళ్ళ దగ్గర నేలమీద కూలబడ్డాడు. ఆమె కుడికాలి గుడ్డ చెప్పు తీశాడు. ఎడమకాలిది కూడా తీశాడు.

"ఏంటండీ ఇది?"

"మడమతో కొట్టు" అన్నాడు. "పలక మీద. రెండుసార్లు."

ఆమె అయోమయంగా చూసి, కాలెత్తి మెల్లగా ఆనించింది. బుడ్డోడు కర్టెన్నే చూస్తున్నాడు.

"గట్టిగా కొట్టు. నామీద కోపం ఉంది కదా, అదంతా పెట్టి కొట్టు."

కొట్టింది. ధన్, ధన్.

బుడ్డోడు గిరుక్కున తిరిగాడు. తల్లిని చూశాడు. రెండు చేతులూ గాల్లోకి లేపి, ఒళ్ళంతా ఊపేస్తూ నవ్వాడు. పదమూడు నెలల్లో తల్లి పిలిస్తే వాడు తిరగడం అదే మొదలు.

ఆమె గుమ్మం పట్టుకుంది. "ఇంతేనా?" అంది. "ఇన్నాళ్ళూ... ఇంతేనా?"

బుడ్డోడు మళ్ళీ కర్టెన్ వైపు తిరిగాడు. ఆమె మళ్ళీ కొట్టింది. వాడు మళ్ళీ తిరిగి నవ్వాడు. మళ్ళీ కొట్టింది. కళ్ళ నీళ్ళు గడ్డం మీంచి కారిపోతున్నా తుడుచుకోలేదు, కొడుతూనే ఉంది. కింద నుంచి ఇంటిగలావిడ చీపురు కర్రతో పొడవడం మొదలుపెట్టింది. ఆమె ఆపలేదు. మడమ ఎర్రగా కందిపోయింది. మనవాడు ఆ రెండు గుడ్డ చెప్పులూ చేతుల్లో పట్టుకుని అలాగే నేలమీద కూర్చున్నాడు. ఇక చాలు అనే హక్కు తనకి లేదని ఆ మనిషికి తెలుసు.