పడవలో పవర్ బ్యాంకు

గవర్నర్‌పేట నుంచి ఇబ్రహీంపట్నం ఘాటుకి బయల్దేరిన ఇన్నోవాలో అందరికన్నా జాగ్రత్తగా కూర్చోబెట్టింది పవర్ బ్యాంకుని. ముందు సీట్లో జయకృష్ణ ఒళ్ళో తెల్లటి చేతిరుమాలు పరిచి దాన్ని పెట్టుకున్నాడు. వెనక సీట్లో వెంకటకృష్ణారావు ఒళ్ళో ఎర్రగుడ్డ కట్టిన కుండ ఉంది. అందులో ఆయన భార్య హైమవతి అస్థికలు ఉన్నాయి. రోడ్డు మీద గుంట వచ్చినప్పుడల్లా నెమ్మదిగా పోనిమ్మని జయకృష్ణ డ్రైవర్‌ని హెచ్చరిస్తూనే ఉన్నాడు. కుండ గురించేమోనని వెంకటకృష్ణారావు మొదట్లో అనుకున్నాడు. వైరు ఊడిపోతోందట.

జయకృష్ణ హైమవతికి తమ్ముడు. హనుమాన్ జంక్షన్‌లో స్థలాలు కొనిపించి అమ్మిపెడుతుంటాడు. ఏ పనైనా నెత్తిన వేసుకుంటే ముందు దాన్ని పదిమందికీ తెలిసేలా చేస్తాడు. చేయడం సంగతి తర్వాత చూసుకోవచ్చు. బావ వెంకటకృష్ణారావుకి గవర్నర్‌పేటలో ఫోను సామాన్ల హోల్‌సేల్ కొట్టు ఉంది. చార్జర్లు, వైర్లు, పవర్ బ్యాంకులు అట్టపెట్టెలతో దిగుతాయి. అయినా జయకృష్ణ తన పవర్ బ్యాంకుని ఆన్‌లైన్‌లోనే తెప్పించుకున్నాడు. తెలిసినవాళ్ళ దగ్గర కొంటే పాడైనప్పుడు నోరారా తిట్టలేమని అతని వాదన. ఇటుకంత బరువున్న ఆ వస్తువు మీద ఒక అంకె, దాని వెనక బోలెడు సున్నాలు ఉన్నాయి. అట్టపెట్టె మీద సున్నాలు అచ్చువేయడానికి అదనంగా ఖర్చేమీ కాదని ఆ వ్యాపారంలో ఉన్న వెంకటకృష్ణారావుకి తెలుసు. ఇవాళ ఆ మాట అనదలచుకోలేదు.

అసలు పొద్దున్నే కొట్టు తెరిచి తనే ఒకటి తీసుకుందామనుకున్నాడు. పెదనాన్న కొడుకు వెంకటసుబ్బారావు పడనివ్వలేదు. పెద్దకర్మ అయ్యేదాకా షట్టర్ ఎత్తకూడదన్నాడు. ఎత్తితే ఏమవుతుందో ఆయనకీ తెలియదు. ఎత్తకూడదని మాత్రం గట్టిగా తెలుసు. ఇక ఫోనంటారా, ఊరందరికీ చార్జర్లు అమ్మే వెంకటకృష్ణారావు దగ్గర ఉన్నది బటన్ల ఫోను. వారానికోసారి చార్జింగు పెడితే చాలు, నోరెత్తకుండా పడి ఉంటుంది. దాంట్లో బొమ్మ కనబడదు. ఇవాళ కావలసింది బొమ్మే.

బొమ్మ కావలసింది వెంకటరత్నమ్మకి. ఆవిడ హైమవతి తల్లి. వెంకటకృష్ణారావుకి పిల్లనిచ్చిన అత్తే కాక సొంత మేనత్త కూడా. తుంటి ఎముక విరిగి, హనుమాన్ జంక్షన్‌లో కొడుకు ఇంట్లో మంచం మీద ఉంది. కూతురు పోయిన రోజున విజయవాడ తీసుకురావడానికి వీల్లేదన్నారు డాక్టర్లు. అమ్మకి అంతా వీడియోలో చూపిస్తానని జయకృష్ణ పూచీపడ్డాడు. పూచీపడి, దహనం ఎన్నింటికో చెప్పడానికి బంధువులందరికీ పేరుపేరునా ఫోన్లు చేశాడు. తీరా మొహం చూపించే వేళకి చార్జింగు అయిపోయి ఫోను ఆగిపోయింది. వెంకటరత్నమ్మకి కనబడింది అంబులెన్సు తలుపు ఒక్కటే.

నిన్న సాయంత్రం ఆవిడ అల్లుడితో ఒక్క మాటే అడిగింది. "మొహం ఎలాగూ చూడలేదు నాయనా. చిన్నిని నీళ్ళలో కలిపేటప్పుడన్నా చూపించు. వాడు కాదు, నువ్వు చూపించు." చిన్ని అంటే హైమవతి. ఆ పేరుతో పిలిచే మనిషి లోకంలో ఈవిడొక్కతే మిగిలింది.

చూపిస్తానని వెంకటకృష్ణారావు మాట ఇచ్చాడు. అందుకే ఇవాళ చేతిరుమాలుని, వైరుని, బావమరిదిని భరిస్తున్నాడు.

ఆ పవర్ బ్యాంకుకి మూడు కన్నాలున్నాయి. ఒకటి జయకృష్ణ ఫోనుకి. ఖాళీగా ఎందుకని రెండోది వెంకటసుబ్బారావు తీసుకున్నాడు. బండిలో చార్జింగు పెట్టుకునే చోటుని పాటల పెన్‌డ్రైవ్‌కి ఎప్పుడో అంకితం చేసిన డ్రైవరు, మొహమాటపడుతూనే మూడోది పట్టాడు. ఇంకా గొల్లపూడి దాటకముందే జయకృష్ణ కుటుంబం గ్రూపు మొత్తానికి వీడియో కాల్ కలిపాడు. అమ్మ ఒక్కదానికే చేస్తే మిగతావాళ్ళు నొచ్చుకుంటారట. ముందే కలిపి ఉంచితే సమయానికి కంగారుండదట.

తెర నిండా గళ్ళు, గడికో మొహం. ఒకరు టిఫిను తింటున్నారు. ఒకరు సీలింగ్ ఫ్యాన్ చూపిస్తున్నారు. కొత్తగా చేరినవాళ్ళు వినపడుతోందా అని అడిగి, వినపడుతోందని తేలాక ఏడ్చేవారు. ఆ ఏడుపు సగంలో ఉండగా ఇంకొకరు చేరి వినపడుతోందా అనేవారు. కుండ మట్టిది కాకుండా ఇత్తడిది అయితే నిండుగా ఉండేదని బెంగళూరు బాబాయి సెలవిచ్చాడు. కింద ఒక మూల గడిలో వెంకటరత్నమ్మ మొహం అర్ధరూపాయి బిళ్ళంత ఉంది. ఆవిడని చూసుకోవడానికి పెట్టిన హన్నా ఆ పక్కన ఫోను పట్టుకుని నిలబడినట్టుంది, గాజుల చెయ్యి కనబడుతోంది. ఎక్కడిదాకా వచ్చారు నాయనా అని ఆవిడ రెండుసార్లు అడిగింది. అప్పటికి కుండ చర్చ తేలలేదు కాబట్టి ఎవరికీ వినపడలేదు.

ఘాటు దగ్గర దిగేసరికి థర్మల్ స్టేషన్ గొట్టాలు ఎప్పట్లాగే పొగ వదులుతున్నాయి. ఎన్ని జిల్లాలకో దీపాలు వెలిగించే ఊళ్ళో, ఒక ఫోనుకి సరిపడా కరెంటు ఈ ఇటుక ముక్కలోనే ఉన్నట్టు జయకృష్ణ దాన్ని గుండెకి ఆనించుకుని మెట్లు దిగాడు. ఫోను ఒక చేత్తో, పవర్ బ్యాంకు ఇంకో చేత్తో ఎత్తిపట్టుకుని, మధ్యలో వైరు వేలాడుతుంటే, సెలైన్ సీసాతో రోగిని నడిపిస్తున్నట్టుంది. వెంకటసుబ్బారావు మాత్రం నీళ్ళలో పడుతుందన్న భయంతో తన ఫోనుని బండిలోనే భద్రపరిచి వచ్చాడు, నిండా చార్జింగుతో.

శాస్త్రిగారికి ఆ పూట ఇంకా రెండు నిమజ్జనాలున్నాయి. సంకల్పం చెప్పిస్తూ గోత్రం అడిగారు, భార్య పేరు అడిగారు, ఆ తర్వాత అదే స్వరంతో సీ టైపు వైరు ఉందా అని అడిగారు. ఖాళీ అయిన కన్నానికి ఆయన ఫోను తగిలించారు. సంకల్పానికి ఎంత సేపు పట్టిందో, ఆయన ఫోను తేరుకోవడానికీ అంత సేపు పట్టింది. మంత్రం ఎక్కడ సాగదీయాలో ఆయనకి బాగా తెలుసు.

పడవవాడు గంగరాజు పిలవగానే అందరూ ఎక్కారు. ఇంజను శబ్దంలో గ్రూపు వాళ్ళ మాటలు వినపడటం మానేశాయి. ఆ పూట జరిగిన మొదటి మంచి అదే. ఏటి మధ్యకి వచ్చేసరికి పవర్ బ్యాంకు మీద నాలుగు లైట్లు ఒకటయ్యాయి. ఆ ఒకటి కాసేపు కొట్టుకుని ఆగిపోయింది. జయకృష్ణ దాన్ని ఊపాడు, అరిచేతిలో రుద్దాడు, పడవ అంచుకి తట్టాడు. టీవీ రిమోటు పనిచేయనప్పుడు చేసే వైద్యమంతా చేశాడు. ఇటుక ఇటుకలాగే ఉంది. ఫోనులో మిగిలింది మూడు శాతం.

"జయా, అందర్నీ తీసేసి అత్తకి ఒక్కదానికే చెయ్యి," అన్నాడు వెంకటకృష్ణారావు.

"బాగోదు బావా. బెంగళూరు బాబాయి ఆఫీసులో మీటింగు మానుకుని కూర్చున్నాడు. మధ్యలో కట్ చేస్తే ఏమనుకుంటాడు?"

"ఏమన్నా అనుకోనీ."

బావ నోట అంత కటువైన మాట జయకృష్ణ ఎప్పుడూ వినలేదు. సరేనన్నాడు. అయితే మర్యాద తెలిసినవాడు కనుక చెప్పకుండా కట్ చేయలేకపోయాడు. గంగరాజుని ఇంజను తగ్గించమని చెప్పి, ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని, చార్జింగు తక్కువగా ఉన్నందువల్ల అందరూ క్షమించాలని, రికార్డు చేసి గ్రూపులో పెడతానని, ఇంత పొద్దున్నే వీలు చేసుకుని వచ్చినందుకు ధన్యవాదాలని ఒక్కొక్కరి పేరూ చెబుతూ వచ్చాడు. బెంగళూరు బాబాయి దగ్గరికి వచ్చేసరికి ఫోను ఆరిపోయింది.

జయకృష్ణ నల్లటి తెర వైపు చూస్తున్నాడు. అందులో అతని మొహమే కనబడుతోంది.

వర్జ్యం దగ్గరపడుతోందని శాస్త్రిగారు గుర్తుచేశారు. ముందు కార్యక్రమం కానిచ్చేసి, వీడియో సంగతి ఒడ్డుకి వెళ్ళాక నిదానంగా చూసుకోవచ్చన్నారు.

"అప్పుడేం చూపిస్తామండీ?" అన్నాడు వెంకటకృష్ణారావు.

శాస్త్రిగారు నీళ్ళ వైపు చూశారు.

"మీ ఫోను ఒక్కసారి ఇప్పించండి."

ఇవ్వడానికి అభ్యంతరం లేదట. కానీ అవతలి పార్టీవాళ్ళ నుంచి ఫోన్లు వస్తుంటాయట. పైగా చార్జింగు కూడా అంతంతమాత్రమేనట.

"అందులో ఉన్నది మా చార్జింగేనండి."

వెంకటకృష్ణారావు గొంతులో కోపం లేదు. కొట్లో సరుకు గురించి చెప్పినట్టే చెప్పాడు. గంగరాజుకి నవ్వు వచ్చి దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు. శాస్త్రిగారు నడుముకి కట్టిన సంచీలోంచి ఫోను తీసి, తాళం తెరిచి, జయకృష్ణ చేతికిచ్చారు.

జయకృష్ణ వేలు తెర మీదికి వెళ్ళి ఆగిపోయింది. నంబరు తెలియదు. "హన్నా అని కొడితే వస్తుంది బావా నా దాంట్లో. ఈ రోజుల్లో నంబర్లు ఎవరు గుర్తుపెట్టుకుంటారు," అన్నాడు.

వెంకటకృష్ణారావు కుండని ఒడిసిపట్టుకుని పది అంకెలూ వరసగా చెప్పాడు. హైమవతి ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి రోజూ సాయంత్రం ఆ నంబరుకి చేసి, కూతురు ఎలా ఉందో తల్లికి చెబుతున్నాడు. హైమవతి పోయాక చెప్పడానికి ఏమీ లేకపోయినా చేస్తూనే ఉన్నాడు. ఆ తల్లి కొడుకు ఇంట్లోనే ఉందన్న విషయం పడవలో ఎవరూ ఎత్తలేదు. జయకృష్ణ మాత్రం తలెత్తకుండా అంకెలు కొట్టుకున్నాడు.

వీడియో మోగింది, హన్నా కట్ చేసింది. మళ్ళీ చేస్తే మళ్ళీ కట్ చేసింది. శాలువా కప్పుకుని, విభూతి రేఖలతో, ఎవరో సన్మానం చేస్తుండగా తీయించుకున్న శాస్త్రిగారి ఫోటో అటువైపు కనబడుతోంది. తెలియని మగవాళ్ళ వీడియో కాల్ ఎత్తితే ఊరుకోనని హన్నాకి గట్టిగా చెప్పిపెట్టింది జయకృష్ణే. అతను చెప్పిన మాట ఒకళ్ళు ఇంత నిష్ఠగా పాటించడం బహుశా అదే మొదటిసారి.

మామూలు కాల్ చేసి తన చెవి దగ్గర పెట్టమన్నాడు వెంకటకృష్ణారావు. "హన్నా, నేనమ్మా. ఇప్పుడు ఆ ఫోటోతోనే వీడియో వస్తుంది. ఎత్తి అత్తకి చూపించు."

"అలాగేనండి. అందరూ పెట్టేసి వెళ్ళిపోయారండి, అమ్మగారు ఇందాకట్నుంచీ ఆ నల్లటి తెరనే చూస్తున్నారండి. మాట్లాడించినా పలకట్లేదు."

వర్జ్యం వచ్చేసిందని శాస్త్రిగారు ఈసారి గట్టిగానే అన్నారు.

"వస్తే రానివ్వండి," అన్నాడు వెంకటకృష్ణారావు.

వెంకటసుబ్బారావు ఏదో అనబోయాడు. ఎత్తకూడని షట్టర్ ఇక్కడ ఏదీ లేదు కాబట్టి ఊరుకున్నాడు. గంగరాజు ఎవరూ చెప్పకుండానే ఇంజను ఆపేశాడు. పడవ నీటితోపాటు నెమ్మదిగా జరుగుతోంది.

తెర వెలిగింది. ఈసారి గళ్ళు లేవు. తెరంతా వెంకటరత్నమ్మే. కళ్ళజోడు ఒకవైపు కిందికి జారి ఉంది. ఆవిడకి మాత్రం ఇటువైపు నుంచి జయకృష్ణ ముక్కు, ఒక చెవి కనబడుతున్నట్టున్నాయి.

"నువ్వు తప్పుకోరా," అంది.

జయకృష్ణ కెమెరా తిప్పాడు. వెంకటకృష్ణారావు ఎర్రగుడ్డ ముడి విప్పాడు. కుండని ఫోను దగ్గరికి వంచి లోపల కనబడేలా పట్టుకున్నాడు.

"ఇదేనా నాయనా?"

"ఇదేనత్తా."

"ఇంతేనా?"

"ఇంతే అత్తా."

శాస్త్రిగారు మంత్రం మొదలుపెట్టారు. ఇందాకటి తొందర ఆయన గొంతులో లేదు. వెంకటకృష్ణారావు పడవ అంచు మీదికి వంగాడు. జయకృష్ణ ఫోనుని అటు తిప్పాడు.

"కదపకురా, కనబడట్లేదు," అంది తల్లి. అతను రెండో చెయ్యి కూడా వేసి పట్టుకున్నాడు. పవర్ బ్యాంకు కాళ్ళ దగ్గర, పడవలో చేరిన నీళ్ళలో పడి ఉంది. దాన్ని తీయాలని కూడా అతనికి తోచలేదు.

"నెమ్మదిగా నాయనా. ఒక్కసారే వద్దు."

ఒక్కసారే వదల్లేదు. కొంచెం కొంచెంగా వంచాడు. బూడిద తెల్లగా కాసేపు నీటి మీద తేలి, పడవ పక్కనుంచి సాగి, కిందికి దిగడం మొదలుపెట్టింది.

"లోతుకి వెళ్ళకే చిన్నీ," అంది వెంకటరత్నమ్మ. కాలవలో దిగిన పిల్లకి గట్టు మీంచి చెప్పినట్టే చెప్పింది.

జయకృష్ణ మొహం పక్కకి తిప్పుకున్నాడు. చేతులు మాత్రం కదలలేదు.

కుండ కూడా వదిలేశాక నీటి మీద చూడటానికి ఇంకేమీ మిగల్లేదు. గంగరాజు ఇంజను తాడు చేతిలోకి తీసుకుని ఎదురుచూస్తున్నాడు. తెర పైభాగంలో అవతలి పార్టీవాళ్ళ పేరు వెలిగింది, ఆగింది, మళ్ళీ వెలిగింది. శాస్త్రిగారు మొహమాటంగా చెయ్యి చాచారు.

వెంకటకృష్ణారావు తడిచేతులు పంచెకి తుడుచుకున్నాడు. జయకృష్ణ దగ్గర నుంచి ఫోను అందుకున్నాడు. శాస్త్రిగారికి ఇవ్వలేదు. నీళ్ళ వైపే తిప్పి పట్టుకున్నాడు.

"కాస్త ఉండండి. అత్త ఇంకా చూస్తోంది."