వాగు లోతు చెప్పినవాడు

1940వ సంవత్సరం సెప్టెంబరు 24వ తేదీ మంగళవారం ఉదయం ఎనిమిది గంటలకు గురజాల ప్రయాణికుల బంగళా వసారాలో హాజరైనవారు, వారి వారి స్థానాల వరుసలో, వీరు: చేతుల కుర్చీలో, పింఛను పుచ్చుకుంటున్న డిప్యూటీ తహసీల్దారు సాంబశివరావు పంతులుగారు, ఆయనకెదురుగా పేము కుర్చీల్లో సింహళపు తేయాకు తోటల దొర విల్మాట్, ఆయన భార్య, పక్కన బల్లమీద మునసబు వెంకట్రామయ్య, గోడవారగా నిలబడి, కిటికీ గూటిమీద కాగితం పెట్టుకుని రాస్తున్న మిషను బడి పంతులు కృపావరం, మెట్ల కింద, చెప్పులు దూరంగా విడిచి, రోడ్డు కూలీ ఇన్నయ్య. ఇన్నయ్య భార్య రూతమ్మ బంగళా వెనక ఊడుస్తోంది గనుక ఆమెను హాజరైనవారిలో ఎవరూ లెక్కవేయలేదు.

కృపావరం రూతమ్మకు తోడబుట్టిన తమ్ముడు. ఆ వరుసలో తన చోటు మెట్లపైన, బావ చోటు మెట్లకింద కావడానికి మధ్య ఉన్నదల్లా ఎనిమిదో తరగతి ఇంగ్లీషు అని అతనికి బాగా తెలుసు. ఆ ఇంగ్లీషును మరో మెట్టు ఎక్కించగల ఉత్తరం ఒకటి పంతులుగారి తోలుసంచిలో ఉంది. గుంటూరు ట్రెయినింగు స్కూలులో సీటుకు సిఫార్సు అది. రాయడం అయింది, సంతకం కాలేదు. ఆరు నెలలుగా కృపావరం ఆ సంతకం చుట్టూ తిరుగుతున్నాడు.

విల్మాట్ దంపతులకు యుద్ధం మూలంగా స్వదేశానికి ఓడ దొరకలేదు. సెలవు వృథా పోనీయక మోటారులో దేశం చూస్తూ హైదరాబాదు పోదామని బయలుదేరారు. కృష్ణ దాటితే నైజాం రాజ్యం. వేరే ప్రభుత్వం, వేరే నాణెం, వేరే కట్టడులు. అక్కడ ఎలా మసలుకోవాలో చెప్పగల పెద్దమనిషి తాలూకా మొత్తానికి తానొక్కడేనని పంతులుగారి నమ్మకం. ఆయన ఇంగ్లీషులో ఒక్కొక్క సలహా చెబుతూంటే కృపావరం దొర చేతికివ్వడానికి శుభ్రప్రతి రాస్తున్నాడు.

పొందుగల రేవులో బల్లకట్టు ఎక్కించిన తరువాత మోటారు చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు అడ్డం వేయించవలెను. అవతల వాడపల్లి సుంకపు నాకాలో పెట్టెలు తెరవమంటే కోపగించక తెరవవలెను. దుకాణాల్లో నైజాం నాణెమగు హాలీ సిక్కా అడుగుదురు, నాకాలోనే కొంత మార్చుకొనవలెను. గొర్రెలమంద ఎదురైనచో హారను కొట్టక నిలబడవలెను. మంచినీరు కాచినదే తాగవలెను.

"దొరసానమ్మని దోవలో పచ్చిదోసకాయలు తినొద్దనండి పంతులుగారూ, తిన్నదంటే మిర్యాలగూడ దాకా చెట్టుచెట్టుకీ మోటారు ఆపాల," అన్నాడు మునసబు.

పంతులుగారు దానిని తర్జుమా చేయలేదు. మెట్లకింద ఇన్నయ్య మాత్రం నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. బావమరిది చూపు తనమీద పడగానే గొంతు తగ్గించి, "ఏం బామ్మర్దీ, పొద్దుటినించీ దున్నుతానే ఉండావే కాయితం. ఇత్తనాలు ఎప్పుడు జల్లేది?" అన్నాడు. కృపావరం నవ్వాపుకున్నాడు.

పద్నాలుగో సలహా దగ్గర దొర చేయెత్తి ఒక ప్రశ్న వేశాడు. దాచేపల్లి పోయే దారిలో ఎర్రవాగు ఉందటగదా, మొన్నటి వానల తరువాత మోటారు దాటుతుందా?

ప్రశ్న ఇంగ్లీషులో ఉన్నా ఎర్రవాగు పేరు వినిపించింది. మునసబు వెంటనే పైకప్పు దూలాలు చూడసాగాడు. పల్నాట్లో వాగు లోతు చెప్పడం మాటతో తీరేది కాదు. ఇక్కడి వాగులు పైకి చీలమండ లోతు చూపించి నడుమ నిలువునా మింగుతాయి. అందుచేత దాటవచ్చునని చెప్పినవాడు బాటసారికంటే ముందు తాను నీళ్ళలో దిగాలి. ఆసామి అయినా, కూలి అయినా ఈ కట్టుబాటు తప్పడానికి వీల్లేదు. అందువల్ల వాగు సంగతి అడిగితే పెద్దమనుషులందరికీ ఉన్నట్టుండి మతిమరుపు వస్తుంది.

పంతులుగారిది తెనాలి. కట్టుబాటును విని ఉన్నారేగాని లెక్కపెట్టినవారు కాదు. పైగా ఆ వాగుకడ్డంగా నాపరాళ్ళు పరిచిన చప్టా, కరువు పనుల కింద ఆయన దగ్గరుండి వేయించినది. ఒడ్డున రాతిమీద ఆయన పేరుంది. "నిస్సంశయంగా దాటవచ్చును. అది నా చప్టా," అన్నారు ఇంగ్లీషులో.

ఆ ముఖం చూసే మునసబుకు భావం అందింది.

"దాటొచ్చన్నారా? అయితే పంచె ఎగ్గట్టండి. మా కట్టుబాటు తెలుసుగా, చెప్పినోళ్ళే ముందు."

"నాకు అరవై నాలుగేండ్లు, వెంకట్రామయ్యా."

"వాగుకి వయసుతో పనేముంది లెండి. మీరు దిగితే సూడాలని ఉంది నాకు. పదేళ్ళుగా సూస్తన్నా, మీ మడమ తడవంగా ఎప్పుడూ సూళ్ళా."

పంతులుగారి చెవులు ఎర్రబడ్డాయి. అన్నమాట వెనక్కు తీసుకుందామంటే ఎదుట దొరసాని ఉంది. దిగుదామంటే వాగుంది. ఆయన చూపు ఒక్క క్షణం ఇటూ అటూ తిరిగి, మెట్లదాకా దిగి, అక్కడ ఆగింది.

"ఒరేయ్ ఇన్నయ్యా, ఆ చప్టా మీద రోజూ పనిచేసేది నీవేగదా. ఎట్లున్నది?"

ఇన్నయ్య చేతులు కట్టుకున్నాడు. "వద్దయ్యగారూ. సుక్రారం వానకి నడుమ నాపరాళ్ళు లేచిపొయ్యినయ్. పైకి సూత్తే మోకాల్లోతే. నడిమజ్జన మనిషి మునుగుతాడు. రెండ్రోజులాగితే నీళ్ళు తీత్తయ్, రాళ్ళు పేరుత్తాం. తొందరగా పోవాలంటే పిడుగురాళ్ళ మీదగా సుట్టు తిరిగి పొమ్మనండి. పూట ఆలిస్యం, అంతే."

పంతులుగారు తల పంకించి దొరవైపు తిరిగారు. ఆ తరువాత ఆయన నోట వచ్చిన ఇంగ్లీషు నిర్దుష్టంగా ఉంది. ప్రతి క్రియా దాని చోటున ఉంది.

"వీడు ఆ రోడ్డు కూలీ. నీరు మోకాటి లోతే ననుచున్నాడు. తన మాటకు పూచీగా తానే మీ మోటారు ముందు నడిచెదననుచున్నాడు. ఇది ఈ ప్రాంతపు ఆచారము."

"ఎంత మంచివాడు!" అంది దొరసాని, ఇన్నయ్యవైపు చూసి చిరునవ్వు నవ్వింది. తన హెచ్చరికకు ఆమె సంతోషించిందనుకుని ఇన్నయ్య కూడా నవ్వి దణ్ణం పెట్టాడు.

కృపావరం చేతిలో కలం ఆగిపోయింది. ఆ వసారాలో రెండు మాటలూ అర్థమైనవారు ఇద్దరే. రెండోవాడు తాను.

పంతులుగారు ఇప్పుడు తెలుగులో అన్నారు: "ఒరేయ్, నీవు చెప్పినదంతా దొరగారికి మనవి చేసితిని. అయినప్పటికి వారు వాగును కండ్లారా చూచి తీరవలెనంటున్నారు. నిన్ను ముందు నడువమన్నారు."

మునసబు దూలాల మీదినుంచి చూపు దించాడు. "ఇదేందండీ, పోవద్దన్నోణ్ణి ముందు దించటం యాడన్నా ఉందా?"

"దొరగారి ఆజ్ఞ. నీకు అభ్యంతరమున్నచో ఇంగ్లీషులో చెప్పుకొనుము."

మునసబు చుట్ట ముట్టించుకున్నాడు. ఇన్నయ్య కాసేపు దొరకేసి చూశాడు, దొరసానికేసి చూశాడు. చివరకు మెట్లమీదుగా బావమరిది కేసి చూశాడు.

"ఏందిరా బామ్మర్దీ, దొర అట్టనే అన్నాడా?"

సరిగ్గా అప్పుడే పంతులుగారు తోలుసంచి తెరిచి ఆ ఉత్తరాన్ని బయటకు తీశారు. మోకాలిమీద పరచి, పెన్ను మూత విప్పి, తల ఎత్తకుండా ఆగారు.

బావకు ఆ చప్టాలో ప్రతి రాయీ తెలుసు. గోతిదాకా పోతాడా ఏమన్నానా. ఒడ్డున నిలబడి కర్ర దించి చూపిస్తాడు, దొర చూస్తాడు, అందరూ వెనక్కు వస్తారు. కృపావరం ఇదంతా గుటక మింగినంత సేపట్లో అనుకున్నాడు. అనుకోవడం చాలా సులువుగా ఉంది.

"అట్టనే అన్నాడు బావా," అన్నాడు.

"సరే అయితే," అని ఇన్నయ్య తుండుగుడ్డ తలకు చుట్టుకున్నాడు.

పంతులుగారు పెన్నుకు మూత పెట్టారు. "ఇందులో ఇంకొక వాక్యము చేర్చవలసియున్నది, కృపావరం. వచ్చిన తరువాత సంతకము చేసెదను."

పది దాటేసరికి అందరూ వాగు ఒడ్డున ఉన్నారు. నీళ్ళు ఎర్రగా, నెమ్మదిగా, ఏమీ ఎరగనట్టు చప్టామీద పారుతున్నాయి. ఇన్నయ్య గడకర్ర అందుకుని పంచె ఎగగట్టాడు. "మీ అక్కతో అనమాక. బువ్వేళకి రాలేదని ఊరంతా ఇనపడేట్టు తిడద్ది," అని కన్నుగీటి నీళ్ళలో దిగాడు.

ఇరవై బారలు నడిచాక వెనక ఇంజను మోత వినిపించి తిరిగి చూశాడు. దొర ఒడ్డున ఆగి చూస్తాడని అతనికి చెప్పిన మాట. మోకాటి లోతు గనుక వెంటనే రావచ్చునని దొరకు చెప్పిన మాట. మోటారు నీళ్ళను చీల్చుకుంటూ వచ్చేస్తోంది. అద్దం వెనకనుంచి దొరసాని చేయి ఊపుతోంది.

"ఆగు దొరా! ఆగు! గొయ్యి!" అని అరిచాడు ఇన్నయ్య రెండు చేతులూ ఎత్తి. రమ్మంటున్నాడనుకుని దొర తల ఊపి ఇంకా ముందుకొచ్చాడు. ఇంగ్లీషులో ఒక్క కేక చాలు. ఆ కేక కృపావరం గొంతులోకి వచ్చింది. పక్కన పంతులుగారు చేతికర్ర రెండు చేతులా పట్టుకుని నిటారుగా నిలబడి ఉన్నారు. కేక గొంతులోనే ఉంది.

ఇన్నయ్యకు చెప్పడానికి మిగిలింది తన ఒళ్ళొక్కటే. మోటారుకు ఎదురుగా ముఖం పెట్టి, కర్ర నిలువుగా పట్టుకుని, వెనక్కు ఒక అడుగువేసి గోతిలో దిగాడు. లోతెంతో దొర కళ్ళకు కనబడాలని, రాతి అంచు పట్టుకుని మళ్ళీ ఎక్కుదామని అతని ఉద్దేశం. మెడదాకా మునిగాడు. అంచు పట్టుకున్నాడు. పట్టుకున్న నాపరాయి అప్పటికే వదులై ఉంది. అది ఊడి, జారి, అతనిమీదుగా గోతిలోకి పోయింది.

దొర బ్రేకు తొక్కాడు. ముందు చక్రాలకూ గోతికీ మధ్య రెండు బారలు మిగిలాయి. నీళ్ళమీద గడకర్ర ఒక్కటే తేలి, ఒకసారి తిరిగి, దిగువకు సాగింది.

"స్టాప్!" అని కృపావరం అప్పుడు అరిచాడు.

శవం దొరికేసరికి మధ్యాహ్నం మూడయింది. దొరసాని తన శాలువ తీసి కప్పింది. దొర టోపీ చేత్తో పట్టుకుని, "అంత ధీమాగా చెప్పాడే పాపం. తన వాగు లోతు తనకే తెలియలేదు," అన్నాడు కృపావరంతో.

"యస్సర్," అన్నాడు కృపావరం.

పంతులుగారు దొరకు పదిహేనో సలహా ఇచ్చారు. పిడుగురాళ్ళ మీదుగా చుట్టు తిరిగిపోతే పూట ఆలస్యమేగాని దారి బాగుంటుందన్నారు. విల్మాట్ దంపతులు ఆ దారినే వెళ్ళిపోయారు.

సమాధి చేసి వచ్చాక రూతమ్మ వాకిట్లో కూచుంది. తమ్ముడు మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు. ఆమె ముట్టలేదు.

"పోవద్దన్నాడంటగా మీ బావ? మునసబుగారు చెప్పాడు."

"అవునక్కా."

"పోవద్దన్నోడు ముందు దిగటమేందిరా?"

"దొర పట్టుబట్టాడక్కా."

"నువ్వున్నావుగదరా ఆడ. నీకొచ్చుగదా ఆ మాట." ఆమె అడిగిన తీరులో నింద లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "పోనీలే, నువ్వేం జేత్తావ్, ఆళ్ళు నీ మాట ఇంటారా. ఆ దొరసాని నా చెయ్యి పట్టుకుని ఏడుత్తా ఏందో అన్నది. ఏమన్నదిరా?"

నీ భర్త మాకు మాట ఇచ్చి, ఆ మాట కోసం ప్రాణం పోగొట్టుకున్నాడు అన్నది దొరసాని. కృపావరం నేలవైపు చూశాడు.

"బావ మంచోడన్నదక్కా."

"అది నాకు దెలవదా," అంది రూతమ్మ.

తొమ్మిదోనాడు పంతులుగారి మనిషి ఒక లకోటా తెచ్చి కృపావరం చేతికిచ్చిపోయాడు. లోపల సిఫార్సు ఉత్తరం, ఇంగ్లీషులో, సంతకంతో ఉంది. యోగ్యతల జాబితా కింద కొత్తగా చేర్చిన భాగం ఒక వాక్యం కాదు, ఒక పేరా. అతను బడిగదిలో ఒంటరిగా నిలబడి చదువుకున్నాడు. తెలుగులో దాని అర్థం ఇది:

"పై అర్హతలకు అదనముగా ఈ సంగతిని కూడ నమోదు చేయుట నా విధి. గత మాసము 24వ తేదీన గురజాల బంగళాయందు, దొరగారి ఉత్తరువు విషయమై రోడ్డు కూలీ ఇన్నయ్యకు సందేహము కలిగి ప్రశ్నింపగా, ఉభయ భాషలు ఎరిగినవాడును, సదరు ఇన్నయ్యకు స్వయాన బావమరిదియు నగు ఈ కృపావరము, బంధుప్రీతికి లోనుగాక, నేను చేసిన తర్జుమా సరియైనదేయని అందరి యెదుట ధ్రువపరచెను. అతడు ధ్రువపరచుటచేతనే ఇన్నయ్య నీట దిగెను. ఇన్నయ్య దిగుటచేతనే దొర దంపతుల ప్రాణములు దక్కినవి. కావున ఈ కార్యమునకు కర్త కృపావరమే యని అంగీకరించుచు, అతనికి నా కృతజ్ఞతను ఇందుమూలముగా తెలియజేయుచున్నాను."