తుడుపు కాగితం

మే నెల ఎండకి రేకుల గది పెనంలా కాలుతోంది. భూకంపం తర్వాత టర్కీలోని అంతాక్యా ఊరి బయట వేసిన కంటైనర్ ఇళ్ళ మధ్య బడి అది. అక్కడ ఒకటో తరగతి పిల్లలకి ముజెయ్యెన్ టీచర్ ఎబ్రు నేర్పుతోంది. అంటే నీళ్ళమీద రంగులు చల్లి, ఆ రంగుల్ని కాగితానికి ఎక్కించడం.

ఇస్తాంబుల్‌లో ఆమెకి ఈ పని నేర్పిన గురువు ఇప్పుడు వచ్చి చూస్తే నెత్తీనోరూ కొట్టుకునేవాడు. గుర్రపు వెంట్రుకల కుంచె లేదు, ఎద్దు పిత్తం లేదు. బోరెక్ రొట్టెలు కాల్చే పళ్ళెంలో అవిసెగింజలు ఉడకబెట్టి తీసిన జిగురు నీళ్ళున్నాయి. పసుపు, పొయ్యి మసి, కూలిన ఇళ్ళ ఇటుకలు దంచిన పొడి ఉన్నాయి. రంగు విచ్చుకోవడానికి పిత్తం బదులు గిన్నెలు తోమే సబ్బునీళ్ళు ఒక్కో చుక్క వేసింది. కుంచెలు చీపురు పుల్లలే.

"ఈ ఇటుక మా బిల్డింగ్‌ది," అన్నాడు యమాన్.

"పోరా! మీది తెల్లది. మా బిల్డింగే ఎర్రది," అంది పక్కపిల్ల.

ఇద్దరూ కాసేపు దానికోసం కొట్లాడుకున్నారు. టీచర్ ఆపలేదు. ఆ పిల్లలకి మిగిలిన ఆస్తి అదే మరి, కొట్లాడుకోనీ అనుకుంది.

తన వంతు కోసం ఎల్వాన్ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఏడేళ్ళ పిల్ల. తరగతిలో అందరికంటే ముందు చదవడం వచ్చింది దానికే. నర్సుగా పనిచేసే అమ్మ, కాలికి దెబ్బ తగిలి అదానా ఆసుపత్రిలో ఉందనీ, కాలు బాగయ్యాక వస్తుందనీ, వచ్చేలోపు గడగడా చదివి చూపించాలనీ దాని పట్టుదల. అమ్మ లేదు. ఫిబ్రవరిలో, ఆ భూకంపంలోనే పోయింది. ఆ మాట ఆ పిల్లకి తప్ప అందరికీ తెలుసు.

"ఒక్క నెల ఆగు తల్లీ," అని అమ్మమ్మ జెకియే మార్చిలో టీచర్ చేతులు పట్టుకుంది. "పిల్లకి కాస్త తిండి సయించనీ. నేనే చెప్తాగా." నెల గడిచింది, ఇంకో నెలా గడిచింది. ముసలమ్మకి నోరు రాలేదు. టీచరూ గట్టిగా అడగలేదు. తన పిరికితనానికి జాలి అని పేరు పెట్టుకుని తప్పించుకు తిరిగింది.

"ఎల్వాన్, రా. ముందు నీళ్ళు తుడువు."

ఒకరి బొమ్మ అయ్యాక నీటిమీద మిగిలిన రంగుని పాత పేపరు ముక్కతో లాగెయ్యాలి. అలా తుడవకుండా కొత్త రంగు వెయ్యకూడదు. అందుకని పొద్దున్నే టీచర్ బోలెడు పేపరు అరచెయ్యంత వెడల్పున కోసి పెట్టింది. సాయంగా వచ్చిన గాజు గ్లాసులకి చుట్టిన పేపర్లవి. ఈ పని చేసేవాళ్ళు పేపరు రంగు పీలుస్తుందా లేదా అనే చూస్తారు గానీ, దానిమీద ఏముందో చదవరు. ఆమే అంతే.

ఎల్వాన్ చదివింది. ఈమధ్య సబ్బు పెట్టె కనబడినా చదివే పిల్ల కదా.

"మా... తోటి... నర్సు... నెర్మిన్..." అక్షరాల కింద వేలు పెట్టుకుని కూడబలుక్కుంటూ వెళ్ళి, ఒక్కసారిగా గంతేసింది. "టీచర్! మా అమ్మ పేరు పేపర్లో పడింది!"

దాని మొహం వెలిగిపోతోంది. ముజెయ్యెన్ వంగి కాగితంలోకి చూసింది. నల్లగీతల చట్రంలో ఉన్న సంతాప ప్రకటన అది.

"ఇలా ఇవ్వు బంగారం. అది ఇంకెవరో. ఆ పేరు చాలామందికి ఉంటుంది."

ఎల్వాన్ ఇవ్వలేదు. వెనక్కి దాచుకుని తోటిపిల్లల వైపు చూసింది. అంతసేపూ గోల చేసినవాళ్ళు ఒక్కరూ తలెత్తలేదు.

"ఏంట్రా యమాన్?"

"మా అమ్మ చెప్పొద్దంది," అన్నాడు వాడు పళ్ళెంలోకి చూస్తూ.

ఎల్వాన్ ఏడవలేదు. కాగితం పిడికిట్లో పట్టుకుని బయటికి నడిచింది. పక్క తరగతి టీచర్‌ని పిల్లల్ని చూడమని కేకేసి ముజెయ్యెన్ వెనకాలే పరుగెత్తింది. దారంతా పిలుస్తూనే ఉంది. ఆ పిల్ల వెనక్కి తిరగలేదు.

గుమ్మంలో కూచుని జెకియే వంటకి ద్రాక్షాకుల్లో బియ్యం పెట్టి చుడుతోంది.

"అప్పుడే వదిలేశారేంటే? ఇందాకే మీ అమ్మ ఫోన్ చేసింది, సూప్ తాగిందట..."

ఎల్వాన్ ఆమె ఎదురుగా చతికిలబడి, ఆ ఒళ్ళోనే కాగితం పరిచింది. ముసలమ్మకి చదువు రాదు. కానీ నల్లచట్రం అంటే ఏమిటో తెలుసు. చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. టీచర్ వైపు చూసింది, ఏదో ఒకటి చెప్పి కాపాడమన్నట్టు.

"విను అమ్మమ్మా," అంది ఎల్వాన్. ఒక్కో అక్షరం కింద వేలు జరుపుకుంటూ, టీచర్ నేర్పినట్టే చదివింది. "మా తోటి నర్సు... నెర్మిన్ సాబున్‌జు... భూకంపంలో..."

అక్కడ ఆగింది. తర్వాతి మాట పొడుగ్గా ఉంది. రెండుసార్లు మొదలుపెట్టింది, రాలేదు. తలెత్తింది.

"టీచర్, ఇదేంటి?"

ముజెయ్యెన్ వాళ్ళ పక్కన కూచుంది. పిల్ల వేలి పక్కన తన వేలు పెట్టింది. ఆ మాట తనే చదివింది.

"చనిపోయింది."