బైండరుగారు కడిగిన సీసా

పని అయిపోగానే జిగురు గిన్నె కడిగి బోర్లించాలి. ముప్పై ఏళ్లుగా బైండరుగారికి ఇదొక్కటే నియమం. మిగిలిన మైదా జిగురుకు బూజు పడుతుంది, ఆ బూజు పుస్తకానికి ఎక్కుతుంది. ఈ శుభ్రత దుకాణంలో ఆయనకు మంచి పేరు తెచ్చిపెట్టింది. ఆ ఆదివారం పొద్దున వంటింట్లో మాత్రం కొంప ముంచింది.

భార్య నర్సు. డ్యూటీ దిగి తొమ్మిదింటికి ఇల్లు చేరుతుంది. ఆలోపు ఆమెకిష్టమైన పుల్లటి పాన్‌కేకులు వేసిపెట్టి శభాష్ అనిపించుకోవాలని ఆయనకు సరదా పుట్టింది. ఆ పులుపంతా సీసాలోని తోడు పిండిది, పెరుగుకు తోడులా దాచిపెట్టే పులిసిన మైదాది. రోజూ ఇంత పిండీ ఇన్ని నీళ్లూ పోసి ఆరేళ్లుగా ఆమె దాన్ని పెంచుతోంది. మొగుణ్ణి పలకరించడం మరిచిపోయిన రోజులున్నాయి గానీ దాన్ని మరిచిన రోజు లేదు. ఎంత వాడుకున్నా అడుగున చెంచాడు మిగల్చాలి. మళ్లీ సీసా నిండేది ఆ చెంచాడుతోనే.

బైండరుగారు మొత్తం గిన్నెలోకి ఒంపేశారు. గుడ్లు కొట్టి, ఉప్పూ చక్కెరా సోడా వేసి గిలక్కొట్టారు. ఆపైన అలవాటు కొద్దీ సీసాను వేడినీళ్లతో తళతళలాడేలా కడిగి బోర్లించారు.

మూడో పాన్‌కేకు తిరగేస్తుండగా అత్తగారు వచ్చారు.

"అల్లుడుగారూ, సీసా భలే మెరుస్తోందే! అందులో ఉండాల్సిన పెద్దమనిషి ఏడీ?"

ఆయన చేతిలో అట్లకాడ ఆగిపోయింది. "మొత్తం... వేసేశానండీ."

అత్తగారు కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చున్నారు. "పోయిన నెల నాలుగు చెంచాలు తగ్గితేనే నేను సూపులో కలిపేశానని మీ ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మీ వంతు. నేను ఇక్కణ్ణుంచి కదిలితే ఒట్టు."

బైండరుగారి చెవులు ఎర్రబడ్డాయి. ఆ నాలుగు చెంచాలు కాజేసింది ఆయనే. ఇంట్లో జిగురు నిండుకున్న రోజున భార్య వంటల పుస్తకం అట్ట ఊడితే ఆ పిండితోనే అంటించారు. అత్తగారి మీద నింద పడుతుంటే కిక్కురుమనలేదు. మిగిలిన పిండి ఉన్న సాసరును బల్ల సొరుగులో, దారపు ఉండల వెనక దాచేశారు. జీవితంలో ఆయన కడగకుండా వదిలేసిన గిన్నె అదొక్కటే.

అంతలో భార్య రానే వచ్చింది. సీసాను చూసింది, గుడ్లూ ఉప్పూ కలిసి ఇక తోడుకు పనికిరాని గిన్నెలోని పిండిని చూసింది. కాళ్లకున్న బూట్లయినా విప్పకుండా కూలబడింది.

"ఆరేళ్లండీ," అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండునని ఆయనకు అనిపించింది.

ఎండిన తోడు పిండి తడి తగిలితే మళ్లీ లేస్తుంది. ఒకసారి ఆమే దాన్ని ఎండబెట్టి, కవర్లో పెట్టి స్నేహితురాలికి పంపింది. ఆ సంగతి ఆయనకు గుర్తొచ్చింది. కానీ సాసరు బయటికి తీస్తే దొంగతనం కూడా బయటపడుతుంది. ఆయన ఒకసారి భార్య మొహం చూశారు, ఒకసారి అత్తగారి మొహం చూశారు. తల వంచుకుని సొరుగు దగ్గరికి నడిచారు.

"ఏమిటిది?" అంది భార్య, సాసరులో అట్టకట్టిన తెల్లటి పెచ్చుల్ని చూసి.

"పోయిన నెల తగ్గిన నాలుగు చెంచాల్లో మిగిలింది. నీ పుస్తకం అట్టకి వాడాను. అత్తయ్యగారికి ఏ పాపమూ తెలియదు."

భార్య తల్లి వైపు తిరిగింది. "అమ్మా..."

"ఆ అమ్మా గిమ్మా తర్వాత," అన్నారు అత్తగారు. "ముందు ఆ పెచ్చులు నానబెట్టు. అల్లుడుగారూ, వేడి వేడిగా ఉన్నవి నా పళ్లెంలో వెయ్యండి. వారం రోజుల బాకీ."

బైండరుగారు గబగబా వడ్డించారు.

నాలుగో రోజు సాయంత్రానికి సీసాలో చిన్న బుడగ తేలింది, దాని పక్కనే ఇంకొకటి. తోడు మళ్లీ లేచింది. భార్య నవ్వింది. ఆ నవ్వు చూశాక బైండరుగారి ప్రాణం కుదుటపడింది. హమ్మయ్య అనుకుని, గట్టు మీదున్న ఖాళీ సాసరును తీసుకుని కుళాయి తిప్పారు.

"కడక్కండి!" అని తల్లీకూతుళ్లు ఒక్కసారే అరిచారు.