అమృత నోట వచ్చిన మాట

నా గొంతు పోయింది. పొద్దున్నే లేచి కాఫీ అడుగుదామని నోరు తెరిస్తే లోపలి నుంచి పిల్లికూన మూలిగినట్టు ఏదో శబ్దం వచ్చింది. మావారు కోదండరామ్ గారు టాబ్లెట్‌లోంచి తలెత్తి, "హమ్మయ్య! ఇన్నేళ్ళకి దేవుడు నా మొర ఆలకించాడు" అన్నారు. అననివ్వండి. క్రికెట్ తప్ప మరో ఆట ఆటే కాదనుకునే మనిషికి నిన్న మా రింక్‌లో జరిగిన హాకీ ఫైనల్ సంగతి ఏం తెలుస్తుంది! కళ్ళు మూస్తే చాలు, పక్ వచ్చి నా మొహానికే తగిలేలా ఉంది.

నోటితో చెప్పలేను కనుక రాస్తున్నాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నా కడుపుబ్బరం తీరదు.

నా పేరు లక్ష్మీకాంతం. కెనడాలోని హాలిఫాక్స్‌లో, హార్బర్ యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాను. క్లాసుల్లో పాఠాలు చెప్పడం మానేశాను కానీ, మా యూనివర్సిటీ ఆడపిల్లల హాకీ జట్టుకి గ్యాలరీలోంచి పాఠాలు చెప్పడం మాత్రం మానలేదు. మనూళ్ళో ఆడే హాకీ కాదండోయ్. కాళ్ళకి స్కేట్లు కట్టుకుని, రింక్ అనే మంచు మైదానం మీద ఆడే హాకీ. బంతి ఉండదు, పక్ అని నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుంది. అది తగిలితే పళ్ళు రాలతాయి. ఇక్కడి రెఫరీలందరికీ నా గొంతు తెలుసు. నా పక్క సీటు డగ్ అనే పెద్దాయనది. నేవీలో చేసి రిటైరయ్యాడు. హాకీ విషయంలో తప్ప మా ఇద్దరికీ ఎందులోనూ మాట కలవదు.

ఈసారి దేశం మొత్తం మీద యూనివర్సిటీ జట్ల ఛాంపియన్‌షిప్ మా ఊళ్ళోనే పెట్టారు. మావాళ్ళు ఫైనల్‌కి వచ్చారు! ఎవరి వల్ల? ఇషిత వల్ల. ఇషిత మా గోలీ, అంటే గోల్ ముందు నిలబడి కాపలా కాసే పిల్ల. తెలుగుపిల్ల. ఆ పిల్ల గోల్ ముందు నిలబడితే గోడ కట్టినట్టే. సెమీఫైనల్లో అవతలివాళ్ళు కొట్టీ కొట్టీ చేతులు పడిపోయి వెళ్ళారు.

ఆ సెమీఫైనల్ గెలిచాక ఇషిత బయట నా చెయ్యి పట్టుకుంది. ఇది ఆ పిల్లకి ఆఖరి ఏడు. ఫైనల్ అయిపోతే కాలేజీ హాకీ అయిపోయినట్టే.

"ఆంటీ, ప్లీజ్. అమ్మని తీసుకురండి. జస్ట్ వన్స్. షి హాజ్ నెవర్ సీన్ మి ప్లే హియర్" అంది. పక్ వచ్చి హెల్మెట్‌కి తగిలినా కన్నార్పని పిల్లకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏడవకే. మీ అమ్మని తెచ్చే పూచీ నాది" అనేశాను. అనేశాక నాలిక్కరుచుకున్నాను. ఎందుకంటే అమృత సంగతి నాకు తెలుసు.

అమృత ఇషిత వాళ్ళమ్మ. ఇక్కడ హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేస్తుంది. కాకినాడ అమ్మాయి. నాలుక మీద పుట్టుమచ్చ ఉంది. చిన్నప్పుడు "ఈ గేదె ఇవాళ పాలివ్వదేమో" అందట, గేదె బిందె తన్నేసిందట. పెదనాన్న ఊరికి బయల్దేరుతుంటే "బస్సు వెళ్ళిపోయిందేమో" అందట, వెళ్ళిపోయిందట. ఇంకేముంది, ఇంటిల్లిపాదీ ఆమెని మచ్చనాలుకదాన్ని చేసి కూర్చోబెట్టారు. దీని నోట ఏదొస్తే అది జరుగుతుందని, శుభకార్యాల్లో ఆ పిల్ల నోట్లో లడ్డూ కుక్కి కూర్చోబెట్టేవారట. ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి. కానీ ఇషిత యూనివర్సిటీలో చేరిన కొత్తలో, ఒక మ్యాచ్‌కి ముందు అమృత ఫోన్‌లో "జాగ్రత్తమ్మా, మోకాలు విరగ్గొట్టుకునేవు" అంది. ఏ తల్లి అనదండీ ఆ మాట? ఆ సాయంత్రమే ఇషిత మోకాలి లిగమెంట్ తెగింది. ఆ ఏడాదంతా ఆట లేదు.

ఆ రోజు నుంచి అమృత రింక్ గడప తొక్కలేదు. కూతురి ఆట గురించి మంచి గానీ చెడు గానీ ఒక్క మాట అనలేదు. పిల్ల గెలిచొచ్చి గెంతుతూ చెబితే తలూపి అన్నం వడ్డిస్తుంది. పిల్లేమో అమ్మకి తన ఆటంటే గిట్టదనుకుని లోలోపల కుమిలిపోతుంది. నాకు ఒళ్ళు మండేది.

ఫైనల్‌కి ముందు రోజు వాళ్ళింటికి వెళ్ళి వంటింట్లోనే పట్టుకున్నాను.

"నేను రానక్కా. నేనొస్తే ఏదో ఒకటి అవుతుంది. దాని ఆఖరి ఆట నా వల్ల పాడైపోతే నేను బతకలేను" అంది.

"నీ నాలుకకి అంత బలముంటే మంచికి వాడవే! తథాస్తు దేవతలు చెడ్డ మాటలకే చెవులొగ్గుతారా? నా పక్కన కూర్చో. నేను సైగ చేసినప్పుడు, ఒక్క గోల్ కూడా పడదు అను. అంతే."

అమృత గరిటె కింద పెట్టింది. తర్వాత సరేనంది. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మావారు నోరెళ్ళబెట్టారు. "స్టాటిస్టిక్స్ చెప్పినదానివి, సిగ్గులేదుటే?" అన్నారు. స్టాటిస్టిక్స్ క్లాసురూములో అండీ, ఫైనల్‌లో కాదు అన్నాను.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. హాకీవాళ్ళకి కూడా ఒక గట్టి పట్టింపు ఉంది. గోలీ ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా ఆట ముగిస్తే దాన్ని షటౌట్ అంటారు. ఆట నడుస్తుండగా ఆ మాట ఎవ్వరూ అనకూడదు. అంటే గోల్ పడ్డట్టే. డగ్ అయితే ఆ మాట వినబడితే సీటు మారిపోతాడు. మనవాళ్ళేమో మంచి జరగాలంటే మంచి మాట అనమంటారు, వీళ్ళేమో అనొద్దంటారు. నేను దానికీ ఒక ఉపాయం వేశాను. అమృత తెలుగులో అంటుంది. తథాస్తు దేవతలకి తెలుగొచ్చు, హాకీ దేవతలకి రాదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇక నిన్నటి ఫైనల్! అవతల విన్నిపెగ్ నుంచి వచ్చిన జట్టు. ఒక్కొక్కత్తీ తాటిచెట్టంత ఉంది. మొదటి పీరియడ్‌లో మా గోల్ మీద వడగళ్ళలా కొట్టారు. ఇషిత కాలితో ఆపింది, భుజంతో ఆపింది, ఒకటి పొట్టతో ఆపింది. అమృత మాత్రం పక్ కూతురి వైపు వస్తే చాలు, కళ్ళు గట్టిగా మూసుకుని నా చెయ్యి గిల్లేసేది. నా మోచేతి మీద ఇంకా మచ్చలున్నాయి. రెండో పీరియడ్‌లో మా కెప్టెన్ ఒక్క ఉదుటున దూసుకెళ్ళి గోల్ కొట్టింది. అబ్బబ్బ! పైకప్పు ఎగిరిపోతుందనుకున్నాను. డగ్ నన్ను ఎత్తేశాడు. ఈ వయసులో నన్నొకరు గాల్లోకి ఎత్తుతారని నేను కలలో కూడా అనుకోలేదు.

ఆఖరి పీరియడ్ ముగింపుకి వచ్చింది. మాది ఒకటి, వాళ్ళది సున్నా. విన్నిపెగ్ పిల్లలు ప్రాణాలకు తెగించి మీదకొస్తున్నారు. ఇదే సమయమనుకుని అమృతని మోచేత్తో పొడిచాను.

అమృత లేచి నిలబడింది. కళ్ళు తెరిచే ఉంది, అదే మొదటిసారి. దేవుడి ముందు నిలబడ్డట్టు రెండు చేతులూ జోడించి, వరస వరసంతా వినేలా, శుభ్రమైన ఇంగ్లీషులో అరిచింది.

"ఇషిత విల్ గెట్ ఎ షటౌట్!"

డగ్ చేతిలో పాప్‌కార్న్ కిందపడింది. వెనక వరసలో ఎవరో "ఓ నో" అన్నారు.

"ఇంగ్లీషులో ఎందుకన్నావే, నా తల్లీ!"

"వాళ్ళ ఆట కదక్కా. సరైన మాట అనాలని ఇంటర్నెట్‌లో చూసొచ్చాను."

నేను తల పట్టుకునే లోపే, విన్నిపెగ్ పిల్ల ఒకత్తి గోల్ వెనక నుంచి చుట్టూ తిరిగొచ్చి, ఇషిత కాలికీ గోల్ పోస్టుకీ మధ్య సన్నటి సందులోంచి పక్‌ని లోపలికి తోసేసింది. ఒకటి, ఒకటి.

వరసంతా అమృత వైపు తిరిగి చూసింది. డగ్ మర్యాదస్తుడు కనుక "నాట్ యువర్ ఫాల్ట్, డియర్" అన్నాడు. మొహం మాత్రం ముమ్మాటికీ నీదే అంటోంది. అమృత మొహంలో నెత్తురు చుక్క లేదు. కోటు తీసుకుంది, ఎవరి కాళ్ళు తొక్కుతోందో చూసుకోకుండా బయటికి పరుగెత్తింది. ఆట ఓవర్‌టైమ్‌కి వెళ్ళింది. అంటే ఇక ఎవరు ముందు గోల్ కొడితే వాళ్ళదే కప్పు. నా జన్మలో ఓవర్‌టైమ్ వదిలి లేవలేదు. నిన్న లేచాను.

కాఫీ అమ్మేచోట దొరికింది. కోటు గుండీలు ఒక కాజాలో పెట్టాల్సింది ఇంకో కాజాలో పెట్టుకుంటోంది.

"చూశావా అక్కా? నేను చెప్పలేదూ? దాని నోటి దగ్గర కూడు నేనే తీసేశాను. కనీసం ఇప్పుడైనా వెళ్ళిపోతే గెలుస్తుంది."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఓహో! నీ నాలుక అంత గొప్పదా? అయితే బయటికెళ్ళి ఈ ఊళ్ళో మంచు కురవద్దని అను, చూద్దాం! మార్చి నెల వచ్చింది, పారతో మంచు ఎత్తలేక నా నడుం విరిగిపోతోంది!"

అమృత నవ్వలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. నా కోపం అక్కడికక్కడే చల్లారిపోయింది.

"నా మాట వినవే. పిచ్చిదాన్ని, నాలుకతో గెలిపించమని నేనన్నాను. అది నా తప్పు. నీ కూతురు ఆ మాట అనలేదు. అమ్మని తీసుకురండి, నా ఆట చూడలేదు అంది. అంతే అడిగింది. గెలవడానికి నువ్వు అక్కర్లేదే దానికి. చూడ్డానికి కావాలి."

లోపల జనం ఒక్కసారిగా హోరుమన్నారు. గోల్ పడిందో, ఆగిందో తెలియదు. నేను కదల్లేదు. ముందు అమృతే కదిలింది.

సీట్లదాకా వెళ్ళడానికి ఆట మధ్యలో ఒప్పుకోరు కనుక మెట్ల దగ్గరే రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాం. ఇక అక్కడి నుంచి ఇషిత ఆడిన ఆట ఉంది చూడండి! ఒకసారి విన్నిపెగ్ పిల్ల ఒక్కతే పక్ తీసుకుని ఎదురుగా వచ్చేసింది, అడ్డం ఎవరూ లేరు. ఇటు కొడతానని అటు తిప్పింది. ఇషిత పడిపోయింది, కర్ర చేతిలోంచి జారిపోయింది. పడి ఉండగానే ఎడమచెయ్యి పైకి విసిరి గాల్లో పక్‌ని పట్టేసుకుంది! నేను కేక పెట్టాను, డగ్ అక్కడి నుంచి నా పేరు పెట్టి కేక పెట్టాడు, ముక్కూమొహం తెలియని మనుషులు కావలించుకున్నారు. అమృత ఒక అరచేత్తో నోరు గట్టిగా మూసుకుని ఉంది, మాట పొరపాటున కూడా బయటికి రాకుండా. కళ్ళు మాత్రం ఇంతింత చేసి చూస్తోంది. రెప్ప వెయ్యలేదు.

రెండో ఓవర్‌టైమ్‌లో ఓడిపోయాం. ఎక్కడో దూరం నుంచి కొట్టిన పక్ మా జట్టు పిల్ల ఒకత్తి స్కేటుకే తగిలి దిశ మారి లోపలికి వెళ్ళింది. విన్నిపెగ్ పిల్లలు ఒకరి మీద ఒకరు పడి కుప్పలా దొర్లారు. బాధేసింది, ఎందుకు వెయ్యదు? కానీ నిజం చెబుతున్నాను, ఇన్నేళ్ళలో నేను చూసిన ఆటల్లో ఇంత గొప్పది లేదు. వెండి పతకాలు వేస్తుంటే జనమంతా లేచి నిలబడి ఇషిత పేరు అరుస్తూనే ఉన్నారు.

తర్వాత కింద, డ్రెస్సింగ్ రూమ్ ముందు కారిడార్‌లో నిలబడ్డాం. ఇషిత వచ్చింది. జుట్టంతా తడి, మెడలో పతకం, చేతిలో కర్ర. తల్లిని చూసి ఆగిపోయింది.

"నన్ను క్షమించరా కన్నా" అంది అమృత. "ఆ మాట నేనే అన్నాను, షటౌట్ అని. నా నోటివల్లే ఆ మొదటి గోల్ పడింది. నేను రాకుండా ఉండాల్సింది."

ఇషిత మొహం ఎర్రబడింది. ఆ పిల్లకి కోపమొస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"నో. నో, అమ్మా. దట్స్ మై గోల్." వేలితో గుండె మీద కొట్టుకుంది. "ఆ విన్నిపెగ్ పిల్ల పాస్ ఇస్తుందనుకుని నేను పోస్ట్ వదిలేశా. షి సా ఇట్. దట్స్ ఆల్. ఐ యామ్ ద గోలీ. నేను ఇచ్చిన ప్రతి గోల్ నాదే. అందులో ఒక్కటి కూడా నీకివ్వను."

అమృత చున్నీతో కళ్ళు తుడుచుకుంది. ముక్కు తుడుచుకుంది. అప్పుడు నడుం మీద చెయ్యి వేసుకుని, కారిడార్ మారుమోగేలా అరిచింది.

"మరి ఆ పోస్టెందుకు వదిలావే, మొద్దూ! అంత సందు పెట్టుకుని నిలబడితే ఎవరైనా కొట్టరూ?"

ఇషిత బిత్తరపోయింది. తర్వాత పగలబడి నవ్వడం మొదలుపెట్టింది, నవ్వుతూనే ఏడ్చేసింది. కర్రని గోడకి ఆనించి, "ఓకే, లుక్. ఇది పోస్ట్. ఐ వాజ్ రైట్ హియర్" అంటూ చూపించబోయింది.

"అక్కడెక్కడున్నావు, అబద్ధాలకోరు!" అంటూ అమృత కూతురి రెండు భుజాలూ పట్టుకుని ఒక అడుగు పక్కకి లాగి నిలబెట్టింది. "ఇక్కడున్నావు. నేను చూశాను కదా!"